ఫిల్ములో కనబడేది చోటే, క్రిమి కాదు: మెదడు ఇన్ఫెక్షన్లలో స్కానింగ్ చెప్పేదీ చెప్పలేనిదీ

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో పొద్దున పదకొండు గంటల వేళ కాసేపు నిలబడితే, చంకలో పెద్ద కవరు పెట్టుకుని ఒక ఆసుపత్రి మెట్లు దిగి ఇంకో ఆసుపత్రి మెట్లు ఎక్కే మనుషులు కనబడతారు. కవర్లో స్కాన్ ఫిల్ములు, టైపు చేసిన రిపోర్టు ఉంటాయి. పల్నాడు, బాపట్ల, నందిగామ, నూజివీడు వైపుల నుంచి వేకువన బస్సెక్కి వచ్చినవాళ్లు. ఆ కవరు మీద వాళ్లకుండే నమ్మకం అంతా ఇంతా కాదు. స్కాన్‌లో ఏమీ లేదంటే గండం గడిచినట్టు. ఏదో మచ్చ ఉందంటే మనిషి ఇక దక్కనట్టు. మెదడుకు సోకే ఇన్ఫెక్షన్ల దగ్గర ఈ రెండు నమ్మకాలూ తరచు తప్పుతాయి.

నాలుగు రోజుల జ్వరం, తగ్గని తలనొప్పి, వాంతులు, మెడ వంచితే నొప్పి. స్కాన్ తీస్తే నార్మల్ వచ్చింది. అయినా డాక్టరు గారు అడ్మిట్ కమ్మంటారు, వెన్నులోంచి నీరు తీయాలంటారు. 'స్కాన్ బాగానే ఉంది కదండీ, ఇంకా నడుములో సూది దేనికి?' అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కిక్కిరిసిన ఓపీలో దానికి నింపాదిగా జవాబు చెప్పే వ్యవధి దొరకదు. ఆ జవాబు తెలియక సంతకం పెట్టకుండా మనిషిని ఇంటికి తీసుకెళ్లిపోయే కుటుంబాలున్నాయి. మెనింజైటిస్‌లో, అంటే మెదడు పొరలకు సోకే వాపులో, అలా పోయిన ఒక్క రోజు వినికిడినీ చూపునీ, ఒక్కోసారి ప్రాణాన్నీ తీసుకుపోతుంది.

స్కాన్ క్రిమిని చూడదు. బాక్టీరియా, వైరస్ అనేవి ఎంఆర్ఐ పసిగట్టగల పరిమాణానికి ఎన్నో వందల రెట్లు చిన్నవి. స్కాన్ చూసేది ఆ క్రిమి వల్ల మెదడులో జరిగిన మార్పును: ఎక్కడ వాచింది, ఎక్కడ నీరు నిలిచింది, ఎక్కడ రక్తం అందక కణజాలం చచ్చిపోయింది, ఎక్కడ చీము గూడు కట్టింది. మార్పు ఇంకా మొదలుకాకపోతే ఫిల్ము తేటగానే ఉంటుంది. రెండు వేర్వేరు క్రిములు ఒకే రకం మార్పు తెస్తే ఫిల్ములు కూడా ఒకేలా ఉంటాయి.

గట్టు, గండి

ఇంజక్షన్ ఇచ్చి తీసే స్కాన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ప్రకృతి కట్టిన గట్టు ఒకటుంది. మెదడులోని సన్నని రక్తనాళాల గోడల్లో కణాలు బిగుతుగా అతుక్కుని ఉంటాయి. అందుకే రక్తంలో తిరిగే ప్రతి పదార్థమూ మెదడులోకి ఇంకిపోదు. ఎంఆర్ఐకి వాడే గడోలినియం మందు గానీ, సీటీకి వాడే అయోడిన్ మందు గానీ మామూలుగా ఈ గట్టు దాటలేవు. ఇన్ఫెక్షన్ వల్ల వాపు వచ్చినచోట గట్టు బలహీనపడుతుంది. మందు అక్కడ బయటికి ఊరుతుంది, ఫిల్ములో ఆ చోటు తెల్లగా వెలుగుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు గట్టుకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు పైనుంచి తీసిన దృశ్యాలు విజయవాడ వాళ్లందరూ చూశారు. నీళ్లు ఎందాకా వచ్చాయో, ఏ ఇళ్లు మునిగాయో వాటిలో తేటతెల్లంగా కనబడింది. గట్టు ఎందుకు తెగిందో మాత్రం ఆ బొమ్మల్లో లేదు. అది తెలియాలంటే మనిషి దిగి మట్టిని చూడాలి, పాత లెక్కలు తీయాలి. ఇంజక్షన్ ఇచ్చి తీసే ఈ కాంట్రాస్ట్ స్కాన్ కూడా అలాంటిదే. గండి పడిన చోటును అది చూపిస్తుంది. గండి పెట్టింది టీబీయా, బద్దెపురుగు పిల్లా, ఫంగసా, లేక అసలు ఇన్ఫెక్షనే కాని క్యాన్సర్ గడ్డా అనేది వేరే దారుల్లో తెలుసుకోవాల్సిందే.

బద్దెపురుగు అంటే పేగుల్లో పెరిగే టేప్‌వార్మ్. దాని సంగతి కాసేపట్లో.

సూది ముందా, స్కాన్ ముందా

వెన్ను నుంచి నీరు తీసే పద్ధతి ఎక్స్‌రే కంటే పాతది. జర్మన్ వైద్యుడు హైన్రిచ్ క్వింకే 1891లో దాన్ని ప్రవేశపెట్టాడు, రంట్‌జెన్ ఎక్స్‌రే కనుక్కున్నది 1895లో. మనిషి మెదడును సీటీలో మొదటిసారి చూసింది 1971లో, లండన్‌లో. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం మీద. అంటే ఎనభై ఏళ్ల పాటు మెనింజైటిస్‌ను ప్రపంచమంతా సూదితోనే పోల్చుకుంది. ఆ నీటిలో కణాలెన్ని, చక్కెర ఎంత తగ్గింది, ప్రొటీన్ ఎంత పెరిగింది, కల్చర్‌లో, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఏం పెరిగింది అన్నవి ఇవాళ్టికీ ఏ స్కానూ ఇవ్వలేని సమాధానాలు. ఇప్పుడు వాటికి క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షలు తోడయ్యాయి.

మరి సూదికి ముందు స్కాన్ ఎందుకు అడుగుతారు? పుర్రె మూత బిగించిన పెట్టె. లోపల పెద్ద గడ్డ ఒక పక్కన పెరిగి ఒత్తిడి ఎక్కువై ఉంటే, కింద వెన్నులో నీరు తీయగానే మెదడు కిందికి జారి ఊపిరిని నడిపే మెదడు కాండాన్ని నొక్కే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం ఉందో లేదో చూడటానికి సీటీ. అందరికీ అవసరం లేదు. స్పృహ తగ్గినవాళ్లు, కొత్తగా ఫిట్స్ వచ్చినవాళ్లు, ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పినవాళ్లు, కంటి వెనక నరం ఉబ్బినవాళ్లు, హెచ్ఐవీ లాంటి కారణాలతో రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్లు, పాత మెదడు జబ్బు ఉన్నవాళ్లు: వీళ్లకు ముందు స్కాన్ తీయాలి. 2001లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో మెనింజైటిస్ అనుమానం ఉన్న 301 మంది పెద్దవాళ్లను గమనించారు. వారిలో 235 మందికి సూదికి ముందు సీటీ తీశారు. ఇలాంటి ప్రమాద సూచనలేవీ లేని 96 మందిలో 93 మందికి సీటీ నార్మల్‌గా వచ్చింది. డాక్టరు చేతి పరీక్ష ఎంత చెప్పగలదో ఆ అంకెలో ఉంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి, స్కాన్ కోసం మందు ఆగకూడదు. బాక్టీరియా మెనింజైటిస్ అనుమానం గట్టిగా ఉంటే రక్తం కల్చర్‌కు తీసి, స్టెరాయిడూ మొదటి డోసు యాంటీబయాటిక్కూ ఎక్కించి, తర్వాతే స్కాన్ గదికి పంపాలి. ఊళ్లో ఒక సీటీ, జిల్లా కేంద్రంలో ఇంకొకటి, విజయవాడ వచ్చాక ఎంఆర్ఐ, ఈ మూడింటి మధ్య ఒక్క డోసు కూడా పడకుండా రోగి ప్రయాణం చేయడం అన్నిటికంటే బాధాకరమైన దృశ్యం. అప్పటికి ఫిల్ములు మూడు సెట్లు పోగవుతాయి, మెదడుకు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

వెన్నులో సూది వేస్తే నడుము పడిపోతుందని, కాళ్లు చచ్చుబడతాయని మన పల్లెల్లో గట్టి భయం. వెన్నుపాము పెద్దవాళ్లలో నడుము పైభాగంలోనే, మొదటి రెండు నడుము పూసల దగ్గర ముగిసిపోతుంది. సూది వేసేది దానికి కింద, మూడో నాలుగో పూసల మధ్య. అక్కడ ఉండేది నీరూ, ఆ నీటిలో తేలే నరాల పోగులూ. సూది తర్వాత కొందరికి రెండు మూడు రోజులు తలనొప్పి ఉంటుంది, లేచి కూర్చుంటే ఎక్కువవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఆ భయం పుట్టడానికి కారణం లేకపోలేదు. చాలామందికి ఈ సూది జబ్బు ముదిరాకే పడుతుంది. తర్వాత కాళ్లు పడిపోతే నింద సూది మీదికి పోతుంది, జబ్బు మీదికి పోదు.

టీబీ: స్కాన్‌కు ఎక్కువ మార్కులు వచ్చే చోటు

ఇంత చెప్పాక స్కాన్‌ను తక్కువ చేస్తున్నట్టు అనిపించవచ్చు. అలా కాదు. టీబీ మెనింజైటిస్‌లో స్కాన్ లేకుండా ముందుకు పోవడం కళ్లు మూసుకుని నడవడమే. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. ఇక్కడ వారాల తరబడి సాగే జ్వరానికి తలనొప్పి తోడైతే మొదట గుర్తుకు రావాల్సింది అదే.

టీబీ క్రిమి మెదడు అడుగుభాగాన్ని ఎంచుకుంటుంది. అక్కడ పొరల మీద చిక్కటి జిగురు పదార్థం పేరుకుంటుంది. ఇంజక్షన్ ఇచ్చి తీసిన ఎంఆర్ఐలో మెదడు అడుగంతా తెల్లటి పూత పూసినట్టు వెలుగుతుంది. ఆ జిగురు మూడు పనులు చేస్తుంది. మెదడు గదుల్లోంచి నీరు బయటికి పారే దారులను మూసేస్తుంది, గదులు ఉబ్బుతాయి. ఆ చుట్టుపక్కల పైకి వెళ్లే వెంట్రుకల్లాంటి రక్తనాళాలను చుట్టేసి బిగిస్తుంది, మెదడు లోలోతుల్లో చిన్న చిన్న భాగాలు రక్తం అందక చచ్చిపోతాయి. కంటి నరాలనూ ముఖానికి వెళ్లే నరాలనూ అక్కడే పట్టుకుంటుంది. పాతికేళ్ల మనిషికి జ్వరంతో పక్షవాతం వస్తే, మెల్ల వస్తే, ఒకటి రెండు వస్తువులుగా కనబడితే వెనక ఇది ఉందేమో చూడాలి.

వెన్ను నీటిలో టీబీ క్రిమి చాలా తక్కువ సంఖ్యలో ఉంటుంది. టీబీ క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షలో దొరికితే నిర్ధారణ అయినట్టే, దొరక్కపోతే టీబీ లేదని కాదు. అందుకే 2010లో నిపుణులు ఒక మార్కుల పట్టిక తయారుచేశారు. లక్షణాలు, వెన్ను నీరు, స్కాన్, శరీరంలో వేరేచోట టీబీ ఆనవాళ్లు, వీటికి కలిపి 20 మార్కులు. అందులో స్కాన్ వాటా 6. అడుగుభాగం వెలిగితే 2, టీబీ గడ్డ ఉంటే 2, గదులు ఉబ్బితే 1, రక్తం అందని మచ్చలుంటే 1. స్కాన్ అందుబాటులో ఉంటే మొత్తం 12, లేకపోతే 10 గానీ అంతకు మించి గానీ వచ్చినవాళ్లను, వేరే జబ్బులు కావని తేల్చుకున్నాక, టీబీ మెనింజైటిస్ కావచ్చని లెక్కిస్తారు. స్కాన్‌కు 20లో 6 మార్కులు ఇవ్వడంలో ఒక సమతూకం ఉంది. దాన్ని వదిలేయలేదు, దాని ఒక్కదాని మాటే నమ్మలేదు.

గదులు ఉబ్బడం స్కాన్‌లో వెంటనే పట్టుకోవాల్సిన విషయం. అది నిర్ధారణ కోసం మాత్రమే కాదు. నీరు మరీ ఎక్కువై ఒత్తిడి పెరిగితే న్యూరోసర్జన్ సన్నని గొట్టం వేసి నీటిని పొట్టలోకి మళ్లించాల్సి వస్తుంది. షంట్ అనేది దీన్నే. ఆ నిర్ణయానికి ఖరీదైన ఎంఆర్ఐ అక్కర్లేదు, రెండు నిమిషాల సీటీ చాలు. మాడు ఇంకా పూడని పసిపిల్లలకు అదీ అక్కర్లేదు. ఆ మెత్తటి చోటు మీద అల్ట్రాసౌండ్ ఆనిస్తే గదుల సైజు మంచం దగ్గరే తెలిసిపోతుంది, రేడియేషన్ ఉండదు, మత్తు ఇవ్వనక్కర్లేదు.

మందులు మొదలుపెట్టాక ఇంకో మలుపు ఉంది. రెండు మూడు నెలలు మందులు సరిగ్గా వాడినా, మళ్లీ తీసిన స్కాన్‌లో టీబీ గడ్డలు పెద్దవి కావచ్చు, కొత్తవి కనబడవచ్చు. చచ్చిన క్రిముల ముక్కల మీద శరీరం చేసే దాడి వల్ల వాపు పెరగడమే దీనికి తరచు కారణం. రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టి చూసిన కుటుంబానికి మాత్రం మందు పనిచేయలేదనే అనిపిస్తుంది. మందు మానేసినవాళ్లకు ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. మనిషి ఎలా ఉన్నాడు, స్పృహ ఎలా ఉంది, మందులు సరిగ్గా పడ్డాయా, క్రిమి మందుకు లొంగనిదా అన్నవి చూశాకే ఆ ఫిల్ముకు అర్థం చెప్పగలరు. చాలాసార్లు స్టెరాయిడ్ పెంచి అవే మందులు కొనసాగిస్తారు. మెదడు టీబీకి వైద్యం 9 నుంచి 12 నెలలు, గడ్డలుంటే ఇంకా ఎక్కువే.

ఒకే ఉంగరం, రెండు జబ్బులు

ఫిల్ములో ఉంగరంలా వెలిగే చిన్న మచ్చ. ఈ ఒక్క మచ్చ చుట్టూ భారతదేశంలో పెద్ద కథే నడిచింది. సీటీ యంత్రాలు మన దేశానికి వచ్చిన తొలి ఏళ్లలో ఫిట్స్‌తో వచ్చిన యువకుల ఫిల్ముల్లో ఇలాంటి ఒంటరి ఉంగరాలు విరివిగా కనబడ్డాయి. టీబీ దేశం కదా, టీబీ గడ్డే అనుకుని నెలల తరబడి టీబీ మందులు ఇచ్చారు. మచ్చలు మాయమయ్యాయి. మందు పనిచేసిందని అందరూ సంతోషించారు. తర్వాత టీబీ మందులు వాడనివాళ్లలో కూడా మచ్చలు వాటంతట అవే మాయమవుతున్నాయని గమనించారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ బృందం తగ్గకుండా నిలిచిన మచ్చలను ఆపరేషన్ చేసి తీసి సూక్ష్మదర్శిని కింద చూసింది. ఎక్కువ భాగం టీబీ కాదు, చచ్చిపోతున్న బద్దెపురుగు పిల్లలు. 1989లో ఆ వివరాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. వాళ్లు రూపొందించిన కొలమానం ఇప్పటికీ వాడుకలో ఉంది: మచ్చ 20 మిల్లీమీటర్ల లోపు, చుట్టూ వాపు వల్ల మెదడు మధ్యగీత పక్కకు జరగకపోవడం, పరీక్షలో వేరే నరాల లోపం లేకపోవడం ఉంటే పురుగు వైపు మొగ్గాలి. మచ్చ అంతకంటే పెద్దదై, గరుకు అంచులతో, వాపుతో మధ్యగీతను తోసేస్తుంటే టీబీ గడ్డ వైపు.

ఎంఆర్ఐ ఇక్కడ ఒక అడుగు ముందుకు వెళ్తుంది. పురుగు బతికి ఉన్నప్పుడు నీటి బుడగలో చిన్న చుక్కలా దాని తల కనబడుతుంది. స్కాన్ క్రిమిని చూడదు అన్న మాటకు అరుదైన మినహాయింపు ఇదే, ఎందుకంటే ఇక్కడ శత్రువు కంటికి కనబడేంత పెద్దది. ఆ చుక్క కనబడితే వేరే సాక్ష్యం అక్కర్లేదు. పురుగు చచ్చి సున్నంగా గట్టిపడ్డాక మాత్రం ఎంఆర్ఐ కంటే మామూలు సీటీయే దాన్ని బాగా చూపిస్తుంది. సీటీ పాతబడింది, ఎంఆర్ఐ ఉండగా అదెందుకు అనే మాట అందుకే సరైంది కాదు.

'మా ఇంట్లో పంది మాంసం ముట్టం, మాకెలా వచ్చింది' అని అడిగే శాకాహార కుటుంబాలున్నాయి. సరిగా ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగులో బద్దెపురుగు. మెదడులోకి వెళ్లేది ఆ పురుగు గుడ్లు మింగినవాళ్లకు. పేగులో పురుగున్న మనిషి మలంతో గుడ్లు బయటపడి మట్టికీ నీటికీ చేరతాయి, సరిగా కడగని ఆకుకూరల మీదుగా, శుభ్రంగా లేని చేతుల మీదుగా ఎవరి నోటికైనా చేరతాయి. క్యాబేజీలో, కాలీఫ్లవర్‌లో కనబడే పచ్చ పురుగు మెదడుకెక్కుతుందనే పుకారు తరతరాలుగా ఉంది. ఆ పచ్చ పురుగుకూ దీనికీ సంబంధం లేదు. భయపడాల్సింది కంటికి కనబడని గుడ్డుకు.

చీముగడ్డ

ఏళ్ల తరబడి చెవిలో చీము కారుతున్నా, నూనె చుక్కలు పోసుకుంటూ గడిపేసేవాళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. చెవి ఎముకకు ఆనుకునే మెదడు కణత భాగం, చిన్నమెదడు ఉంటాయి. చీము ఎముకను తొలుచుకుని పైకి వెళ్తే అక్కడే గడ్డ కడుతుంది. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉండి పెదవులు నీలంగా మారే పిల్లలకూ ఈ ముప్పు ఉంది.

చీముగడ్డ కూడా ఉంగరంలానే వెలుగుతుంది. క్యాన్సర్ గడ్డ మధ్యలో కుళ్లినప్పుడూ అలానే ఉంటుంది. ఈ రెంటినీ విడదీసేది డిఫ్యూజన్ అనే ఎంఆర్ఐ పద్ధతి. నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో అది కొలుస్తుంది. చిక్కటి గంజిలో వేసిన రంగు అంత తేలిగ్గా పాకదు, పల్చటి నీళ్లలో వేసింది క్షణంలో పాకుతుంది. చీము గంజి లాంటిది, అణువులు కదలలేవు, ఆ చోటు దివ్వెలా మెరుస్తుంది. కుళ్లిన క్యాన్సర్ గడ్డ మధ్యభాగం సాధారణంగా పల్చగా ఉంటుంది, మెరవదు. నూటికి నూరు పాళ్లు నిజం కాకపోయినా, న్యూరోసర్జన్‌కు ఆ రాత్రి సూదితో చీము లాగాలా, వేరే ఆపరేషన్‌కు సిద్ధం కావాలా అని చెప్పడానికి ఇదే పెద్ద దన్ను. మెదడు చీముగడ్డతో మరణాలు గత అరవై ఏళ్లలో సుమారు 40 శాతం నుంచి 10 శాతానికి దిగాయి. యాంటీబయాటిక్స్, ఆపరేషన్ పద్ధతులతో పాటు స్కాన్‌కు కూడా ఆ ఘనతలో వాటా ఉంది. గడ్డ ఎక్కడుందో తెలియకుండా పుర్రె తెరిచిన రోజులు పోయాయి. అయినా ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో చెప్పేది తీసిన చీము మీద చేసే కల్చరే.

కల్చర్ విలువ గుంటూరు జిల్లాకు ఈ మధ్యే తెలిసొచ్చింది. 2025 సెప్టెంబరులో తురకపాలెంలో వరుస మరణాల సందర్భంగా మెలియాయిడోసిస్ అనే పేరు మొదటిసారి ఇంటింటికీ చేరింది. ఆ ఊళ్లో ఏం జరిగిందన్నది వేరే చర్చ. ఆ బాక్టీరియా మాత్రం తడి మట్టిలో, బురద నీళ్లలో ఉండేది. పొలం పనులు చేసే షుగరు రోగులను ఎక్కువగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్లీహంలో గడ్డలు కట్టి టీబీని తలపిస్తుంది. అరుదుగా మెదడుకు వెళ్లినప్పుడు చిన్న చిన్న చీముగడ్డలు గుంపుగా, మెదడు లోపలి తీగల దారి వెంట సొరంగం తవ్వినట్టు పాకుతాయి. ఆ సొరంగం కనబడితే అనుభవమున్న రేడియాలజిస్టు అనుమానించగలడు. ల్యాబులో దాన్ని మామూలు బాక్టీరియాగా పొరబడి పారేసే ప్రమాదం ఉంది, అందుకే అనుమానం చీటీ మీద రాసి పంపాలి. సరైన మందు సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెం, ఆపైన నెలల పాటు కోట్రైమోక్సజోల్. టీబీ మందులు దాన్ని తాకవు.

2021 వేసవి

కోవిడ్ రెండో ఉప్పెనలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు స్కాన్ తన సత్తా ఏమిటో చూపించింది. షుగరు ఎక్కువగా ఉండి, స్టెరాయిడ్లు వాడినవాళ్లకు ముక్కు పక్క గదుల్లో మొదలై, కంటి గూటిలోకి, అక్కడి నుంచి మెదడు అడుగుకు పాకిన ఫంగస్ అది. గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో ప్రత్యేక వార్డులు పెట్టారు, 2021 మేలో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ ఫంగస్ రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది. రక్తం అందని చోటికి ఇంజక్షన్ మందు కూడా అందదు. కాబట్టి ఎంఆర్ఐలో ముక్కులోని కండ వెలగాల్సిన చోట నల్లగా మిగిలిపోతుంది. మిగతా ఇన్ఫెక్షన్లలో వెలుగు ప్రమాద చిహ్నం, ఇక్కడ చీకటే ప్రమాద చిహ్నం. ఎంతమేర కోసి తీయాలో, కంటిని కాపాడగలరో లేదో ఆ నలుపు ఎల్లలే చెప్పాయి. ఫంగస్ ఉందని తేల్చింది మాత్రం ముక్కులోంచి తీసిన ముక్క మీద చేసిన పరీక్ష.

వైరస్‌లు, వరిమళ్లు

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌కు మెదడులో ఇష్టమైన చోటు కణత భాగం లోపలి అంచు. జ్ఞాపకానికీ ప్రవర్తనకూ సంబంధించిన చోటు అది. అందుకే జ్వరంతో మనిషి వింతగా మాట్లాడటం, తనవాళ్లను గుర్తుపట్టకపోవడం, ఉన్నట్టుండి కోపం తెచ్చుకోవడం మొదలవుతుంది. గాలి సోకిందని, ఎవరో ఏదో చేశారని రెండు రోజులు తాయెత్తుల చుట్టూ తిరిగే కుటుంబాలకు ఆ రెండు రోజులే చాలా ఖరీదైనవి. మందు ఇవ్వకపోతే ఈ జబ్బులో పదిమందిలో ఏడుగురు చనిపోతారు. అసైక్లోవిర్ నరానికి ఇస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఎంఆర్ఐలో ఒక పక్క కణత భాగం వాచి తెల్లబడటం చాలామందిలో తొలి రెండు రోజుల్లోనే కనబడుతుంది, సీటీలో అప్పటికి ఏమీ ఉండకపోవచ్చు. వెన్ను నీటి పీసీఆర్ కూడా తొలి రోజుల్లో తప్పుగా నెగటివ్ రావచ్చు. అనుమానం వచ్చిన క్షణమే మందు మొదలుపెట్టి, ఫిల్మూ పీసీఆరూ వచ్చాక ఆపాలా, 14 నుంచి 21 రోజులు కొనసాగించాలా అనేది తేల్చుకోవడమే పద్ధతి.

దోమ ద్వారా వచ్చే మెదడువాపు జపనీస్ ఎన్‌కెఫలైటిస్ దీనికి భిన్నం. నిలిచిన నీళ్లున్న వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ, కొంగలు, పందులు, ఈ మూడూ ఒకచోట చేరిన డెల్టా నేలలన్నీ దానికి అనుకూలం. మెదడు నడిమధ్య రెండు పక్కలా ఉండే థలామస్ రెండూ ఒకేసారి వాచడం దాని గుర్తు. డెంగీ మెదడుకు ఎక్కినప్పుడు కూడా థలామస్‌లే దెబ్బతినవచ్చు. ఏది అన్నది రక్తం, వెన్ను నీటి పరీక్షలు చెప్పాలి. వైరస్‌ను చంపే మందు ఈ రెంటికీ లేదు, అయినా తేడా తెలియడం అవసరమే. ఒకటి తేలితే ఊళ్లో టీకాల సంగతి చూడాలి, ఇంకొకటి తేలితే ఇంటి వెనక తొట్టి సంగతి.

2003 జూన్, ఆగస్టు మధ్య అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు వచ్చిన మెదడువాపును పెద్దవాళ్లు ఇంకా మరిచిపోలేదు. 329 మంది పిల్లలు జబ్బుపడ్డారు, 183 మంది చనిపోయారు. పుణె జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు దాని వెనక చాందీపుర వైరస్ ఉందని తేల్చారు. 1965లో నాగపూర్ దగ్గర చాందీపురలో మొదట దొరికిన వైరస్ అది, ఇసుక ఈగ ద్వారా వస్తుంది. అదే సమయంలో హైదరాబాద్ పిల్లల వైద్యులు కొందరు స్కాన్ ఫిల్ములు చూపిస్తూ, ఇది వాపు కాదు, మెదడు రక్తనాళానికి వచ్చిన దెబ్బ అని వాదించారు. ఒకే పిల్లల జబ్బును ఒకరు ల్యాబు నుంచి చూశారు, ఒకరు ఫిల్ము నుంచి చూశారు. ఆ వాదన అప్పట్లో జర్నల్స్‌కూ ఎక్కింది. ఫిల్ము చూపించే మార్పుకూ దాని వెనక కారణానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చెప్పడానికి తెలుగు నేల మీద ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం స్కబ్ టైఫస్ గురించి ఒక మాట. మెదడుకు ఎక్కినా దీని ఎంఆర్ఐ చాలాసార్లు తేటగానే ఉంటుంది. దాన్ని పట్టించేది చంకలోనో గజ్జల్లోనో నడుము మడతలోనో ఉండే నల్లటి చెక్కు కట్టిన మచ్చ. బట్టలు తీయించి చూసిన డాక్టరుకు దొరుకుతుంది, డాక్సీసైక్లిన్‌కు జబ్బు లొంగుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో క్రిప్టోకోకస్ అనే ఫంగస్ తెచ్చే మెనింజైటిస్ కూడా అంతే, స్కాన్ నార్మల్‌గా ఉన్నా వెన్ను నీటిలో ఒత్తిడి ప్రమాదకరంగా ఉండవచ్చు.

చీటీ మీద రాయని సంగతి

స్కాన్ సెంటరుకు వెళ్లే చీటీ మీద చాలాసార్లు ఉండేది ఒకే ముక్క: ఎంఆర్ఐ బ్రెయిన్. ఎన్ని రోజుల జ్వరం, ఫిట్స్ వచ్చాయా, షుగరు ఉందా, హెచ్ఐవీ ఉందా, చెవిలో చీముందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, ఏవీ ఉండవు. రేడియాలజిస్టు చీకటి గదిలో కూర్చుని కొన్ని వందల బొమ్మలు చూస్తాడు. జ్వరం సంగతి తెలియకపోతే ఇంజక్షన్ ఇవ్వకుండా ప్లెయిన్ స్కాన్‌తోనే ముగుస్తుంది. టీబీ పొరల పూత అందులో సరిగా కనబడదు. మళ్లీ తీయించాలి, మళ్లీ డబ్బు కట్టాలి. రిపోర్టు చివర 'క్లినికల్ కోరిలేషన్ అవసరం' అని ఉంటే దాన్ని తప్పించుకునే మాటగా చూసేవాళ్లున్నారు. అది నిజాయతీ గల మాట. ఫిల్ములోని ఉంగరానికి పేరు పెట్టాల్సింది రోగిని తాకి చూసిన చేయి అని ఆ వాక్యం ఒప్పుకుంటోంది.

డాక్టరు చీటీలో రాయకపోతే ఇంటి మనుషులు స్కాన్ గదిలో నోటితో చెప్పొచ్చు. జ్వరం ఎప్పుడు మొదలైందో, పాత జబ్బులేమిటో, కిడ్నీ జబ్బుందో లేదో చెప్పాలి. గడోలినియం ఇచ్చేముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష అడిగేది కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు కొన్ని రకాల గడోలినియం హాని చేసిన అనుభవం వల్ల. ఒంట్లో పేస్‌మేకర్ గానీ, పాత ఆపరేషన్ క్లిప్పులు గానీ ఉంటే తప్పక చెప్పాలి. ముఖ్యంగా పాత ఫిల్ములు వెంట తీసుకెళ్లాలి. ఇవాళ కనబడిన సున్నపు చుక్క ఐదేళ్ల కిందటి సీటీలో కూడా అదే చోట, అదే సైజులో ఉంటే, అది ఎప్పుడో చచ్చిన పురుగు మిగిల్చిన మచ్చ. ఈ వారం జ్వరానికి దానితో సంబంధం ఉండే అవకాశం తక్కువ, కారణం వేరేచోట వెతకాలి. పాత ఫిల్ము ఇంట్లో బీరువా మీద ఉండిపోతే ఆ చుక్కే కొత్త జబ్బుగా కనబడి, వెతుకులాట తప్పుదారి పడుతుంది.